జుగ్సలాయి పెరడు

ఛోటానాగపూరు పీఠభూమిపై వసంతము మన కోస్తా జిల్లాలయందువలె తీరికగా వచ్చి తీరికగా పోవునది కాదు. మాఘమాసపు చలి ఇంకను గడపలు విడువకమునుపే దళ్‌మా కొండల వాలులపై మోదుగలు ఎర్రబారును; ఫాల్గుణము ముగియకుండగనే సాలవృక్షములు లేతపసుపు పూగుత్తులతో నిండి, అడవి వాసనను చుట్టుప్రక్కల పల్లెలమీదికి పంపును; చైత్రము సగమైనదో లేదో పడమటి వడగాలి తలుపులు తట్టును. ఈ తొందరలోనే గింజ మొలకెత్తవలెను, తీగ పందిరి నెక్కవలెను, పిందె నిలువవలెను. ఆలస్యమైన విత్తునకు ఆ నేలపై క్షమ లేదు. టాటానగరు రైలుస్టేషనుకు ఆనుకొనియున్న జుగ్సలాయిలో, తెలుగువారు కాపురముండిన ఇండ్ల వెనుక, ఈ కాలపు తొందరను బాగుగా ఎరిగి దానికి తగినట్లు తమ చేతిపనిని దిద్దుకొనిన పెరళ్ళు ఒకప్పుడు వరుసగా ఉండెడివి. నా బాల్యము, అనగా 1950ల చివరి యేండ్లును ఆ తరువాతి దశకమును, ఆ పెరళ్ళ నడుమనే గడచినది. నేడు వానిలో నేనెరిగినంతలో ఒక్కటియు ఆ రూపమున నిలిచియుండలేదు గనుక, కన్నులార చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచుట నా విధి యని తలచుచున్నాను.

ఆ పెరళ్ళను వేసినవారు పుట్టుకచేత రైతులు, జీతముచేత కార్మికులు. 1907లో టాటావారి ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమై, సాక్చీలోని కొలుములు 1911 చివర తొలి ఇనుమును, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కును వెలువరించిన పిమ్మట, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలనుండి మనుష్యులు బెంగాల్ నాగపూరు రైల్వే దారిని పట్టిరి. మదరాసు హౌరా మార్గమున ఖరగ్‌పూరు వరకు పోయి, అచ్చట బండి మారి, పడమటికి తిరిగి, నాడు కాళీమాటి అని పిలువబడుచుండిన స్టేషనులో దిగెడివారు. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి, యుద్ధకాలమున ఈ కర్మాగారము ఒసగిన ఉక్కునకు కృతజ్ఞతగా ఊరికి జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్‌పూరని పేరు పెట్టినప్పుడు, ఆ స్టేషను టాటానగరైనది. మా తాతయు ఆ దారినే వచ్చెను. వంశధార ఒడ్డున ఉండిన కొద్దిపాటి పల్లము అన్నదమ్ముల పంపకములలో కుంచెములలో కొలువదగినంతగా చీలిపోగా, ఆయన రైలుపనిలో చేరి, మా నాయన నాటికి కుటుంబము కంపెనీలో కుదురుకొనినది. నేల పోయినను నేలమీది మమకారము పోదని ఎందరో చెప్పుదురు. నేను చూచిన సత్యము ఇంకొంచెము విశేషమైనది. నాగలి పట్టుట మానినవాని చేతికి, మూరెడు మట్టి దొరికినప్పుడు, పది ఎకరముల రైతునకైనను లేనంతటి ఓర్పు అలవడెడిది.

ఇచ్చట ఆ ఊరి అమరికను గూర్చి కొంత చెప్పక తప్పదు. ఉక్కునగరమునకు స్థలమైనను నిర్ణయము కాని 1902లోనే జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, వీథులు విశాలముగా ఉండవలెననియు, నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, వానిలో త్వరగా ఎదుగు జాతి నడుమ నడుమ ఉండవలెననియు, పచ్చికబయళ్ళకును ఉద్యానములకును చోటు ధారాళముగా విడువవలెననియు కోరియుండెను. ఆ మహాశయుడు 1904లో గతించెను. ఆయన కోరిక మాత్రము బిష్టుపూరు, సాక్చీ, కద్మా, సోనారీ పేటలలో చాలవరకు నెరవేరినది. ఒకరి తరువాత ఒకరుగా నిపుణులైన విదేశీయులు వచ్చి పటములు గీసిరి. బంగళాల ముంగిళ్ళలో గడ్డిని కత్తిరించుటకు మాలీలు నియమితులైరి. జుగ్సలాయి ఆ పటములలోనిది కాదు. కంపెనీ హద్దులకు వెలుపల, రైలుపట్టాలకును ఖర్కాయి నదికిని నడుమ, మార్వాడీల కోఠీలును, పశువుల కొట్టములును, బీహారీ వంగ తెలుగు ఒరియా కుటుంబముల పెంకుటిండ్లును తమంతట తాము ఒదిగి ఏర్పడిన పేట అది. దానికి పటము గీసినవారు లేరు. ఎక్కడ చెట్టు ఉండవలెనో, ఎక్కడినుండి కాలువ పారవలెనో, ఏ గోడకు ఏ తీగ ఎగబ్రాకవలెనో నిర్ణయించినవారు ఆ ఇండ్ల ఆడువారు. ఆ నిర్ణయములలో నాకు నేటికిని దోషము కనబడదు.

మా ఇంటిలో ఆ అధికారము మామ్మది. వంటయింటి గుమ్మమునుండి ప్రహరీ వరకు పొడవుగా సాగిన పెరటిలో, స్నానాల గది నుండి వచ్చు నీరు ఇటుకల కాలువ గుండ పోయి మొదట అరటి పాదులను, తరువాత చేమ మళ్ళను తడిపెడిది. బియ్యము కడిగిన నీరు కరివేపచెట్టుకు. విరిగిన మజ్జిగయు దానికే. బావి గిలక దగ్గర ఒలికిన నీటితో పుదీనాయు బచ్చలియు పెరిగెడివి. మునగ ప్రహరీ మూలను, వేప వెలుపల, నిమ్మ కిటికీ ప్రక్క. తక్కిన నేల యావత్తు చైత్రమునకై ఖాళీ చేయబడెడిది. శీతకాలపు ముల్లంగియు, పాలకూరయు, చేమంతులును ఫాల్గుణ పూర్ణిమకు పీకివేయబడి, హోలీనాటి రంగులు వీథిలో ఆరకముందే మా పెరటిలో గునపము దిగెడిది.

ఆ నేలను గూర్చి వ్రాయవలెను. ఎర్రని గరప నేల; మొదటి అడుగు కూడ లొంగదు; గునపము తగిలినచోట ఖంగుమని మ్రోగును. పాదు వేయవలెనన్న మోకాటి లోతు గుంత త్రవ్వి, మొరమును గంపలతో ఎత్తి వీథి గుంతలలో పోసి, ఖర్కాయి రేవునుండి తెచ్చిన ఒండ్రును, జుగ్సలాయి గోశాలనుండి బండిమీద తెప్పించిన మాగిన పేడయెరువును, వేసవికి రాలిన వేపాకును వరుసవరుసగా పరచి, నీరు విడిచి, వారము దినములు విశ్రమింపనిచ్చెడివారు. బూడిద విషయమున మామ్మ పట్టుదల మిక్కిలి. ఆ ఊరిలో ఎల్లవారును బొగ్గుపొడిని మట్టితో కలిపి ఉండలు చేసి కుంపట్లలో కాల్చెడివారు గనుక బొగ్గుబూడిదకు కొరత లేదు. కాని ఆమె దానిని మొక్క మొదట వేయనిచ్చెడిది కాదు. నడవ తిన్నెలపై పరచుటకే అది. పాదులోనికి పోవునది కట్టెబూడిద మాత్రమే. దానికై శ్రాద్ధదినములందును, మడివంట దినములందును వెలిగించిన కట్టెలపొయ్యి బూడిదను కుండలో దాచెడిది. ఏల యని అడిగినచో ఆమె యొద్ద శాస్త్రము లేదు. బొగ్గుబూడిద పోసిన పాదులో బీర పసుపుబారినదని చూచిన కన్నులు మాత్రమున్నవి.

ఉగాదినాడు వేపపూత దులుపుకొని పచ్చడి చేసికొనిన తరువాత, అదే దినమున విత్తులు నీటిలో పడెడివి. బీర, పొట్ల, ఆనప, కాకర, గుమ్మడి. మా యిండ్లలో సొరకాయను ఆనపకాయ యనియే పిలిచెడివారు. గింజలను రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, వంటయింటిలో పొయ్యి వెచ్చదనము తగులుచోట వ్రేలాడదీసెడివారు. తెల్లని ములుకు కనబడిన గింజను మాత్రమే, ములుకు క్రిందికి ఉండునట్లు, పాదునకు నాలుగైదు చొప్పున పెట్టెడివారు. సరిగా ఆ కాలముననే చుట్టుప్రక్కల హో, సంతాలు పల్లెలలో సాలపూవుల పండుగ. మేషసంక్రమణమునాడు బీహారీ పొరుగువారి ఇండ్లలో సత్తుపిండియు, పచ్చిమామిడి చట్నీయు. శ్రీరామనవమికి బిష్టుపూరులో ఆంధ్రభక్తులు కట్టుకొనిన రామమందిరమున పానకమును వడపప్పును. ఇన్ని పంచాంగములు ఒకే నేలమీద ఒకే పక్షమున కలియుట నేను మరి యెచ్చటను చూడలేదు. అందరి పండుగయు ఆకు వచ్చినందుకే, పూవు వచ్చినందుకే.

మొలక రెండాకులైన దినము నుండి యుద్ధము. ఎర్ర పెంకుపురుగు తీగజాతులకు పసితనపు శత్రువు. చూచుచుండగనే ఆ రెండాకులను జల్లెడ చేసి విడుచును. దానికి మామ్మ చేసిన ప్రతిక్రియ ఒక్కటియే: ఇంకను మంచుతడి ఆరని వేళ, సూర్యుడు ప్రహరీకి ఎక్కకమునుపు, పలుచని పాతచీర ముక్కలో కట్టెబూడిదను మూటగట్టి, ఆకుపై జేనెడెత్తున ఆ మూటను తేలికగా తట్టుచు పోవుట. తడిసిన ఆకుకు బూడిద సమముగా అంటుకొనును. పొడిగానున్న ఆకుపై చల్లినచో గాలికి పోవును. ఆ పని పిల్లలకు అప్పగింపబడెడిది. తెల్లవారుజామున బావిగట్టు చల్లగా పాదములకు తగులుచుండగా, అప్పయు నేనును చెరియొక మూటతో వంగి నడచుచుండెడివారము. మామ్మ గుమ్మములో నిలిచి, "అడుగునకూ తట్టండ్రా, పురుగు అడుగునే దాక్కుంటాది" అని కేకవేసెడిది.

జంషెడ్‌పూరు కర్మాగారమున 1912 నుండియే దినమునకు ఎనిమిదిగంటల పని. దేశమునకు అటువంటి నియమము చట్టముగా చాల యేండ్ల తరువాత గాని రాలేదు. ఈ విషయమును కార్మికచరిత్ర వ్రాయువారు గొప్పగా చెప్పుదురు, చెప్పవలసినదే. కాని దానివలన పెరళ్ళకు కలిగిన మేలును వ్రాసినవారిని నేను చూడలేదు. ఉదయము ఆరింటికి, మధ్యాహ్నము రెండింటికి, రాత్రి పదింటికి కంపెనీ కూత. ఆ కూతతో మనుష్యులు మారెడివారు. పండ్రెండుగంటలు కొలిమిముందు నిలిచినవాడు ఇంటికి వచ్చి పడుకొనును గాని పాదు త్రవ్వడు. ఎనిమిదిగంటల మనిషికి మిగిలిన వెలుతురు ఉన్నది. ఆ వెలుతురే జుగ్సలాయిలో కూరగాయలైనది. ఎ షిఫ్టు వారమున నాయన రెండున్నరకు రైలుగేటు దాటి సైకిలుపై వచ్చి, అన్నము తిని, చిన్న కునుకు తీసి, ఎండ వాలగానే పందిరికి దిగెడివాడు. సాల్ గుంజలు నాటి, దళ్‌మా ప్రక్కనుండి వచ్చు వెదురు చీల్చి అడ్డములు కట్టి, నారత్రాళ్ళతో బిగించెడివాడు. కర్మాగారములో ఆయన పని ఉక్కు దూలములను కొలతకు కోయుట. వెదురును కూడ అదే శ్రద్ధతో కొలిచి కోసెడివాడు.

ఆ షిఫ్టుల మూలముననే నాకు పూవుల సంగతి తెలిసినది. తీగజాతులన్నియు ఒకే వేళ పూచునని అనుకొనువారు కలరు, కాదు. గుమ్మడి తెల్లవారుజామున విచ్చి, పదిగంటల ఎండకు ముడుచుకొనును. కాకరయు ఉదయపుదే. బీర మాత్రము పగలంతయు మొగ్గగా బిగిసియుండి, సాయంసంధ్యవేళ, ఇండ్లలో దీపములు పెట్టు సమయమునకు, పచ్చని రేకులను విప్పును. ఆనప తెల్లపూవును ఆ వేళదే. పొట్ల అన్నింటికంటె ఆలస్యము. చీకటి బాగుగా ముదిరిన పిమ్మట, తెల్లని రేకుల అంచులనుండి సన్నని నూలుపోగుల వంటి కుచ్చులు ఒక్కటొక్కటిగా విడివడి వ్రేలాడును, వానికై చీకటిలో చిమ్మటలు వచ్చును. ఎ షిఫ్టు వారమున నాయన అయిదింటికి లేచి గుమ్మడిపూవులను చూచి, మగపూవు నొకదానిని త్రుంచి రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపూవునకు అద్ది పనికి పోయెడివాడు. సి షిఫ్టు వారమున రాత్రిపనికి బయలుదేరుముందు, సంధ్యలో బీరపూవులను చూచెడివాడు. బి షిఫ్టు వారమున పదిన్నరకు ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని, అన్నమునకు కూర్చుండక, లాంతరు పట్టుకొని పొట్లపందిరి క్రిందికి పోయెడివాడు. ఒక రాత్రి నన్ను నిద్రలేపి తీసికొనిపోయి చూపించెను.

"మనకే కాదురా బాబూ, ఈటికీ షిఫ్టులున్నాయి," అనెను.

ఆ క్షణమున కర్మాగారపు దిక్కున చిట్టెపు పాత్రలు ఒలికించిరి కాబోలు, ఆకాశము ఒక్కసారి నారింజవన్నెకు తిరిగినది. మండుచున్న చిట్టెమును గుట్టలపై పోయునప్పుడెల్ల ఆ ఊరికి అది మామూలు. ఆ వెలుగు పందిరి సందులగుండ దిగి, తెల్లని పొట్లపూవుల కుచ్చులు క్షణకాలము ఎర్రబారి, మరల తెల్లబడెను. చిమ్మట యొకటి ఆ వెలుగునకు బెదరక పూవును పట్టుకొనియే యుండెను. అంతటి అగ్నికిని అంతటి సౌకుమార్యమునకును ఒకే ఆకాశము క్రింద చోటున్నదని ఆ వయస్సున నేను మాటలలో అనుకొనియుండను; కాని ఉక్కునగరమనిన పొగయు దుమ్మునే తలచువారితో నేటికిని నాకు పొత్తు కుదరదు.

పిందె పట్టిన తరువాతి పని ఆడువారిది. పొట్లపిందె వ్రేలెడైనంతనే దాని కొసకు నారతో చిన్న రాయి కట్టవలెను, లేనిచో చుట్టలు తిరుగును. రాయి బరువు కాయ వయస్సును బట్టి మారవలెను. బరువెక్కువైనచో తొడిమ తెగును. అమ్మ ఇందుకై రైలుపట్టాల ప్రక్క కంకరనుండి చిన్నవి పెద్దవి ఏరి బావిగట్టుపై వరుసగా పెట్టుకొనెడిది, వారమున కొకసారి రాయి మార్చెడిది. కాకరపిందెకు పండుఈగ కుట్టకుండ పాత గుడ్డ సంచులు. ఆనపపిందెను వ్రేలితో చూపరాదు, చూపినచో కుళ్ళునని మామ్మ నమ్మకము; పిల్లలు పిందెను చూపవలెనన్న పిడికిలి బిగించి చూపవలెను. ఈ నమ్మకము నిజమా యని నేను విచారింపలేదు, విచారింప దలపను. పసిచేతులు లేతకాయలను తడుముట తప్పినదనుట మాత్రము నిజము.

ఇరుగుపొరుగు లేనిదే ఆ పెరడు లేదు. గోడకావలి మార్వాడీ అవ్వకు కఢీ కాచినప్పుడెల్ల మా కరివేపాకు కావలెను. ఎదురింటి వంగ మాసీకి గుమ్మడిపూవులు, శనగపిండిలో ముంచి వేయించుటకు. మామ్మ తన తెలుగు కలిసిన హిందీలో ఆమెకు మగపూవును ఆడపూవును గుర్తుపట్టుట నేర్పెను: కాడ సన్నగా సాగినది కోసికొనవచ్చును, పూవు క్రింద బుడిపె ఉన్నదానిని ముట్టరాదు. బదులుగా మాసీ మాకు మునగపూవు కూర నేర్పెను. అంతవరకు మేము కాయకై పూవును కాపాడినవారమే గాని పూవును తిన్నవారము కాము. బీహారీ బహూ నేతిబీర విత్తులిచ్చెను. గోంగూర మనదేయని గర్వించిన మామ్మకు, శీతకాలపు సంతలో పల్లె స్త్రీలు దాని జాతిదే యైన కుద్రుమ్ ఎర్రరేకలను గంపలతో తెచ్చి చట్నీకి అమ్ముట చూచి మొదట ఆశ్చర్యమును, పిమ్మట గొప్ప ఆత్మీయతయు కలిగినవి. ఆ స్త్రీలే వేసవి ఆరంభమున తునికిపండ్లను, సారపండ్లను సాలాకు దొన్నెలలో తెచ్చెడివారు. మన్యపు అంచు పల్లెలో పుట్టిన మామ్మకు ఆ రెండు పండ్లును బాల్యమున తెలిసినవే. దొన్నెను చేతిలో పట్టుకొని, ధర అడుగుట మరచి, ఆ స్త్రీతో మాటలాడుచు కూర్చుండెడిది. ఒకరి భాష ఒకరికి సగము తెలియదు.

తెలుగిండ్ల నడుమ వార్తాహరులు కూడ ఈ పిందెలే. వైశాఖమున రామమందిరమున గాని, రేషను దుకాణము ముందు గాని ఇద్దరు స్త్రీలు కలిసికొనినచో మొదటి ప్రశ్న కుశలము కాదు.

"ఏటప్పా, మీ బీర పిందె దిగినాదా?"

"ఏటి దిగడం, పువ్వు పూసి రాలిపోతన్నాది. పడమటిగాలి తగిలీసింది."

"సాయంత్రం ఆకుమీద నీళ్ళు జల్లు. పాదులో కాదు, ఆకుమీద. మా అత్త సెప్పింది."

ఇంటి దుఃఖములు, ఉత్తరములు రాకపోవుట, ఊరిలో పొలము తాకట్టు, ఇవి యన్నియు ఆ పిమ్మటనే వచ్చెడివి. బీర బాగుగానున్న యింటివారు మనస్సు విప్పుటకు తొందరపడెడివారు కారు.

వైశాఖమున కాలవైశాఖి వచ్చును. మధ్యాహ్నమంతయు ఆకు కదలదు. బావిగట్టు మీద కాలు మోపలేము. కాకులు నోళ్ళు తెరచుకొని నిమ్మచెట్టులో దాగును. నాలుగింటికి వాయవ్యమున దళ్‌మాపై సీసపువన్నె మేఘమొకటి లేచును, చూచుచుండగనే మిన్నంతయు క్రమ్మును. మొదట ఎర్రదుమ్ము, పిమ్మట చల్లని గాలి, పిమ్మట ఉరుములు, ఒక్కొకప్పుడు వడగండ్లు. ఒక యేడు ఆ గాలికి మా పందిరి పందిరిగా లేచి ప్రహరీపై ఒరిగినది. వాన వెలిసిన తక్షణమే మార్వాడీ అవ్వ మనుమలును, మాసీ భర్తయు వచ్చి గుంజలు పట్టిరి. నాయన ఇంకను పనినుండి రాలేదు. తెగిన తీగలను మామ్మ పారవేయనీయక, కణుపు వరకు మట్టిలో పూడ్చి నీరు పోసెను. వానిలో కొన్ని కణుపుల యొద్ద వేళ్ళు విడిచి, పాతతీగకంటె బలముగా లేచినవి. రాలిన మామిడిపిందెలు ఆ సాయంత్రము వీథి వీథియంతట ఉప్పుకారములతో తిరిగినవి. అసలు ఈ గాలివాన కీడుకంటె మేలే ఎక్కువ చేసెడిది. ఆ తడికి బెండయు, తోటకూరయు, గోంగూరయు చల్లుట పరిపాటి. జ్యేష్ఠమున నైరుతి వానలు దిగునప్పటికి అవి జానెడై నిలిచి, జడివానకు కొట్టుకొనిపోక పెరిగెడివి. ఆ సాయంకాలముననే మల్లెలు విరియబూచెడివి. వాన పడిన మట్టివాసనయు మల్లెవాసనయు కలిసి ఇంటిలోనికి వచ్చుచుండగా అమ్మ అప్పకు జడవేసెడిది.

1958 మార్చి 1వ తేదీన కంపెనీ స్వర్ణోత్సవ జ్ఞాపకముగా జూబిలీ పార్కును నెహ్రూగారు ప్రారంభించిరి. మైసూరు బృందావనమును ఆదర్శముగా గైకొని తీర్చిన ఆ ఉద్యానమును, ఆ దీపములను, ఆ నీటిధారలను చూచుటకు జనము విరగబడినది. మేమును కొన్ని దినములకు పోయితిమి. గులాబీల మళ్ళ నడుమ మామ్మ చాలసేపు నడిచి, ఒక మడి యొద్ద కూర్చుండి, మన్ను చిటికెడు తీసి నలిపి చూచి, "మన్ను బాగా మాగేసినారు," అని మెచ్చుకొనెను. మాలీని పిలిచి ఏమి యెరువు వేసితిరని అడిగెను. ఆతడు కూడ ఓపికగా చెప్పెను. రంగుదీపముల నీటిధార వెలిగినప్పుడు అందరును అటు పరుగెత్తగా, ఆ యిద్దరు మాత్రము ఎరువును గూర్చియే మాటలాడుచుండిరి. పనివారికి పనివారిపై గల గౌరవమును నేను తొలిసారి కనులార చూచినది అచ్చటనే.

ఆ జీవితము ఎట్లు పోయినదో చెప్పుటకు పెద్ద కారణములు అక్కరలేదు. కొడుకులు పెండ్లిండ్లు చేసికొనగా పెరటిలో గది వెలసెను; గదికి అద్దె వచ్చునని తెలియగా ఇంకొక గది. రైలుస్టేషను చేరువ చోటునకు గిరాకి ఎప్పుడును తక్కువ కాదు. బావిలో నీరు అడుగంటగా గొట్టపుబావి వచ్చెను, గిలకయు బావిగట్టును పోయెను, దానితో ఒలికిన నీటిపై బ్రతికిన బచ్చలి పోయెను. బొగ్గుకుంపటి పోయి గ్యాసు వచ్చెను. ఆడువారి కన్నులకు పొగ తప్పినది, దానికి నేను సంతసించుచున్నాను, కట్టెలపొయ్యి మూలబడుటతో బూడిదకుండ మాత్రము ఖాళీయైనది. చదువుకొనిన పిల్లలు హైదరాబాదునకో బెంగుళూరునకో పోయిరి. మా పెరడున్న చోట నేడు మూడంతస్తుల అద్దెగదులు. వీనిలో ఏ యొక్కదానిని తప్పనలేను. తప్పనలేని కారణములచేతనే ఒక మంచి వస్తువు పోవుట, తప్పుచేత పోవుటకంటె నాకు ఎక్కువ బాధగా నున్నది.

విత్తుల సంగతి చెప్పి ముగింతును. వాడుకకు మిగిలిన కాయలలో మంచిదానిని, తీగ మొదటికి దగ్గరగా కాచినదానిని, తీగపైననే ఎండనిచ్చెడివారు. కోయగూడదని తెలియుటకు దానికి ఎర్రదారము కట్టెడివారు. బీరకాయ లోపల ఎండి గింజలు గలగలలాడినప్పుడు కొస విరిచి దులిపి, తేలిన గింజలను నీటితో తీసివేసి, మునిగినవానిని నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, పచ్చి పేడతో వైచిన పిడకలోపల పొదిగి గోడకు కొట్టెడివారు. పొట్లయు ఆనపయు అట్లే. వంటయింటి వెనుకగోడపై ఆ పిడకలు ఏ గింజది ఎచ్చటనో మామ్మకు మాత్రమే తెలియును. ఆ విత్తులు పెండ్లియాడి పోవు ఆడపిల్లలతో ఖరగ్‌పూరునకు పోయినవి, 1959లో కొలుములు వెలిగిన భిలాయికిని రూర్కెలాకును ఉద్యోగములు మారిన కుటుంబములతో పోయినవి. విశాఖపట్టణమున ఉక్కుకర్మాగారము లేచినప్పుడు మా అప్ప భర్తకు అచ్చట పని దొరకగా, గాజువాకలో వారు ఇల్లు కట్టుకొనిరి. మా తాత యే తీరమునుండి బయలుదేరెనో ఆ తీరమునకే, జుగ్సలాయి గరపలో యేండ్ల తరబడి పండిన బీరవిత్తులు అప్పతో చేరినవి. మొదటి యేడు ఆమె ఉత్తరము వ్రాసెను: సముద్రపుగాలి తడికి తీగ మిక్కిలి ఏపుగా పోయి ఆకే గాని కాయ రాలేదట, అచ్చటి పొరుగామె చెప్పగా నీరు తగ్గించి, కొసలు త్రుంచగా, శ్రావణమున దిగిన కాయలు మనకంటె లేతగా ఉన్నవట. ఆమె మనుమరాలు ఇప్పుడు ఆ తీగనే మేడమీద సిమెంటు తొట్టెలలో పెంచుచున్నది. నిరుడు నాకు ఆ గింజలు కాగితపు పొట్లములో పంపి, ఎప్పుడు నాటవలెనని అడిగినది. ఉగాదికి నానబెట్టుమని, కొసలు మాత్రము మీ నాయనమ్మ చెప్పినట్లు త్రుంచుమని వ్రాసితిని.